తల్లిదండ్రులు పోయిన ఏటి ఈద్

ఇంట్లో తండ్రి గాని తల్లి గాని కన్నుమూసిన తరువాత వచ్చే మొదటి రంజాన్ పండుగను దక్కన్ ముస్లిం కుటుంబాలలో 'పెహలీ ఈద్' అంటారు. పేరుకు ఈదే అయినా ఆ ఇంటికి అది పండుగగా రాదు. చాలా ఇళ్లలో ఆ ఏడు షీర్ ఖుర్మా వండరు. పిల్లలకు కొత్త బట్టలు కుట్టించరు. మగవాళ్లు ఈద్గాహ్‌కు వెళ్లి నమాజు చేసి వస్తారు గాని, ముబారక్ చెప్పడానికి ఎవరి గడపా తొక్కరు. బంధుస్త్రీలు, ఇరుగుపొరుగువారు ఆ పూట పుర్సా చెప్పడానికి వస్తారు. వచ్చినవారు ఏడుస్తారు, ఇంటివారిని ఏడిపిస్తారు. నాలుగైదు నెలలుగా కాస్త కుదుటపడిన మనసు మళ్లీ జనాజా లేచిన రోజుకు వెళ్లిపోతుంది. ఆ రోజు ఏడవని కొడుకును, అత్తరు రాసుకున్న కూతురును లోకం ఒక చూపు చూస్తుంది.

ఇందులో ప్రేమ లేదని ఎవరూ అనలేరు. కన్నవారి మీది మమకారమే ఈ ఆచారానికి ప్రాణం. అయితే ప్రేమ ఒక ఆచారంగా గట్టిపడినప్పుడు అది ఎవరిపై ఎంత భారం మోపుతున్నదో చూడవలసి ఉంటుంది. పండుగ చేసుకుంటే తండ్రిని మరచినట్టా? చేసుకోకపోతే షరీఅతును మీరినట్టా? ఈ రెండు ప్రశ్నల మధ్య నలిగే కుటుంబాలు ప్రతి సంవత్సరం ఉంటాయి. వాటికి జవాబు హదీసు గ్రంథాలలో చాలా స్పష్టంగా, అదీ తండ్రిని పోగొట్టుకున్న ఒక కూతురి ఆచరణ రూపంలోనే లభిస్తున్నది.

ఆ కూతురు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఉమ్మె హబీబా (ర). ఆమె తండ్రి ఖురైషు నాయకుడు అబూ సుఫ్యాన్. ఆయన మరణించినప్పుడు ఆమె పసుపువన్నె పరిమళద్రవ్యం తెప్పించి, తన చెక్కిళ్లకు రాసుకున్నారు. తనకు ఇప్పుడు సుగంధంతో పనేమీ లేదని ఆమె దాపరికం లేకుండా చెప్పారు. కాని అల్లాహ్‌ను, అంతిమ దినాన్ని విశ్వసించే స్త్రీ ఎవరి మరణానికైనా మూడు రోజులకు మించి సోగ్ పాటించరాదని, భర్త విషయంలో మాత్రమే అది నాలుగు నెలల పది రోజులని దైవప్రవక్త (స) మింబరు మీద ప్రకటించగా తాను విన్నానని, అందుకే రాసుకున్నానని వివరించారు. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ ఈ ఉల్లేఖనం ఉన్నది. సోదరుణ్ణి పోగొట్టుకున్న హజ్రత్ జైనబ్ బింతె జహష్ (ర) కూడా అదే విధంగా సుగంధం తెప్పించి రాసుకున్నారు. కొడుకును పోగొట్టుకున్న హజ్రత్ ఉమ్మె అతియ్యా (ర) మూడో రోజున అలాగే చేశారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఉమ్మె హబీబా (ర) తాను సంతోషంగా ఉన్నానని చెప్పలేదు. సుగంధం మీద మనసు లేదనే చెప్పారు. షరీఅతు ఆమెను దుఃఖం మానుకొమ్మని అడగలేదు. దుఃఖాన్ని వేషంగా ధరించి ఇంటిల్లిపాదినీ అందులో బంధించవద్దన్నది. ధర్మశాస్త్రంలో 'ఇహ్దాద్' అనే మాటకు అర్థం ఇదే: అలంకారం, సుగంధం, సుర్మా, రంగు బట్టలు విడిచిపెట్టడం. మూడు రోజుల హద్దు ఈ బాహ్య చిహ్నాలకే గాని కంటినీటికి కాదు. తెలుగులో 'సంతాపం' అనే ఒక్క మాటే ఈ రెండింటికీ వాడుతూ రావడం వల్ల మూడు రోజుల తరువాత ఏడ్వడమే పాపమని కొందరు పొరబడుతున్నారు. పురుషుల విషయంలోనైతే ఇటువంటి సోగ్ అసలు విధించబడలేదు. తండ్రి పోయాడని కొడుకు ఏడాదిపాటు తెల్లచొక్కాకు ఇస్త్రీ పెట్టించకుండా తిరగడానికి ఫిఖహ్‌లో ఏ మూలా లేదు.

ఏడాది అనే లెక్క ఎక్కడిది? తెలుగునాట పొరుగున ఉన్న హిందూ కుటుంబాలలో తల్లిదండ్రులు పోయిన ఏడు పండుగలు చేసుకోకపోవడం వాడుక. తరతరాలుగా ఒకే వీధిలో బ్రతికిన మనుషుల మధ్య ఇటువంటివి ఇచ్చిపుచ్చుకోవడం సహజం. అయితే వారి ఆచారానికి ఆధారం మైల, ఏటిసూతకం అనే భావన. ఇస్లాంలో మరణం వల్ల ఇంటికి గాని వారసులకు గాని అశుద్ధి అంటుకోదు. ముస్లిం బ్రతికి ఉన్నా మరణించినా అపవిత్రుడు కాడని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) స్పష్టం చేశారు. కాబట్టి 'మైల' అనే మాటను సోగ్‌కు సమానార్థకంగా వాడడం సరికాదు.

ఇంకొక సంగతి గమనార్హం. ఇస్లాంకు పూర్వం అరేబియాలో కూడా ఏడాది సోగ్ ఉండేది. భర్త పోయిన స్త్రీ ఒక ఇరుకైన గుడిసెలో, అతి హీనమైన దుస్తులలో, సుగంధం ముట్టకుండా సంవత్సరం గడపాలి. సంవత్సరం నిండాక బయటికి వచ్చి, ఒక పేడకడ్డీ విసిరి ఆ కాలాన్ని ముగించాలి. పైన చెప్పిన హదీసుతో కలిసే ఈ వివరం కూడా బుఖారీలో ఉన్నది. ఒక తల్లి వచ్చి, భర్తను కోల్పోయిన తన కుమార్తెకు కళ్లు నొప్పిగా ఉన్నాయి, సుర్మా పెట్టవచ్చునా అని అడిగినప్పుడు దైవప్రవక్త (స) అనుమతించలేదు. ఇప్పుడు విధించబడినది నాలుగు నెలల పది రోజులే గదా, అజ్ఞానకాలంలో మీరు ఏడాది గడిపేవారు అని గుర్తుచేశారు. అంటే ఇస్లాం వచ్చి తగ్గించిన గడువునే 'పెహలీ ఈద్' పేరిట మళ్లీ పొడిగించుకుంటున్నామన్నమాట.

జాఫర్ పిల్లలు

హిజ్రీ 8వ సంవత్సరం (క్రీ.శ. 629)లో మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (ర) వీరమరణం పొందారు. ఆయన దైవప్రవక్త (స)కు పినతండ్రి కుమారుడు. వార్త అందిన రోజున దైవప్రవక్త (స) ఇచ్చిన ఆదేశం అందరికీ తెలిసినదే. జాఫర్ ఇంటివారు దుఃఖంలో మునిగి ఉన్నారు గనుక వారికోసం అన్నం వండి పంపమన్నారు. ఆ తరువాతి భాగాన్ని మాత్రం ఉపన్యాసకులు అంతగా చెప్పరు. అబూ దావూద్ గ్రంథంలో జాఫర్ కుమారుడు అబ్దుల్లాయే దాన్ని ఉల్లేఖించారు. దైవప్రవక్త (స) ఆ కుటుంబాన్ని మూడు రోజులు అలాగే విడిచిపెట్టారు. ఆ తరువాత వచ్చి, తన సోదరుని కోసం ఈ రోజు తరువాత విలపించవద్దని చెప్పి, పిల్లలను పిలిపించారు. వారు ఈకలు రాని పక్షిపిల్లల్లా వచ్చి నిలబడ్డారు. ఆయన మంగలిని రప్పించి, వారి తలలు గొరిగించారు.

తండ్రి పోయిన నాలుగో రోజున పిల్లలకు క్షౌరం చేయించడం చాలా చిన్న పని. కాని ఆ ఇంట్లో రోజువారీ బ్రతుకు మళ్లీ మొదలైందని పిల్లలకు తెలియజెప్పే పని అది. మూడు రోజులు వారి దుఃఖానికి ఎవరూ అడ్డు రాలేదు. నాలుగో రోజున ఇంటి పెద్ద వరుసలో ఉన్న మనిషి వచ్చి స్వయంగా చేయి పట్టి లేపాడు. పెహలీ ఈద్ నాడు పితృహీనులైన పిల్లల దగ్గరకు బాబాయి గాని మామ గాని వెళ్లవలసింది ఈ విధంగానే. చేతిలో కొత్త కుర్తాతో వెళ్లాలి గాని, గడపలోనే ఏడుపు ఎత్తుకుంటూ కాదు.

పండుగనాడు ఏడుస్తున్న ఒక అనాథ బాలుణ్ణి దైవప్రవక్త (స) ఇంటికి తీసుకువెళ్లి స్నానం చేయించి, కొత్త బట్టలు తొడిగిన కథ ఒకటి ఈద్ ప్రసంగాలలో తరచు వినిపిస్తుంది. వినడానికి హృద్యంగానే ఉంటుంది. ప్రామాణిక హదీసు గ్రంథాలలో మాత్రం అది కనిపించదు. అబ్దుల్లా బిన్ జాఫర్ స్వయంగా చెప్పిన ఉదంతం ఉండగా ఆ కథ అవసరం లేదు.

మొట్టమొదటి ఈదుల్ ఫిత్ర్ కూడా చావు చూసిన ఊరికే వచ్చింది. రంజాను ఉపవాసాలు విధిగా నిర్ణయించబడింది హిజ్రీ 2వ సంవత్సరంలో. ఆ రంజానులోనే బద్ర్ యుద్ధం జరిగింది. ముస్లింలలో 14 మంది అమరులయ్యారు. దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (ర) జబ్బుతో మదీనాలో ఉండిపోయారు. ఆమెకు పరిచర్య చేయడానికి భర్త హజ్రత్ ఉస్మాన్ (ర) కూడా ఆగిపోయారు. యుద్ధంలో గెలుపు వార్త మదీనా చేరేసరికి ఆమెను ఖననం చేస్తున్నారు. తండ్రి అక్కడ లేరు. ఆ తరువాత కొద్ది రోజులకే షవ్వాల్ నెలవంక కనిపించింది. కూతురిని పోగొట్టుకున్న తండ్రి, తండ్రులను పోగొట్టుకున్న పిల్లలు ఉన్న ఆ మదీనాలోనే ఈద్ మొదలైంది. పండుగ అనేది కష్టం ఎరుగని ఇళ్ల కోసం ఏర్పడింది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

దుఃఖం మూడు రోజులలో తీరిపోతుందని ఎవరూ అనలేదు. దైవప్రవక్త (స) ఆరేళ్ల వయసులో అబ్వా అనే చోట తల్లి ఆమినాను కోల్పోయారు. దాదాపు అర్ధ శతాబ్దం తరువాత ఆ సమాధి దగ్గర నిలిచినప్పుడు ఆయన ఏడ్చారు. చుట్టూ ఉన్నవారినీ ఏడిపించారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కొడుకు కోసం దుఃఖించి దుఃఖించి కళ్లు తెల్లబడిన సంగతి ఖుర్ఆన్ యూసుఫ్ సూరాలో ఉన్నది. ఆయన తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. అందుచేత షీర్ ఖుర్మా గిన్నె ముందు కూర్చున్నప్పుడు అమ్మ చేతి రుచి గుర్తుకువచ్చి గొంతు పూడుకుపోతే అందులో దోషమేమీ లేదు. బట్టలు చింపుకోవడం, గుండెలు బాదుకోవడం, విధిని నిందిస్తూ శోకాలు పెట్టడం, ఇవే నిషిద్ధాలు.

పుర్సా విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పరామర్శ (తాజియత్) చేయడం పుణ్యకార్యం. దాని కాలం మూడు రోజులు. ఆ తరువాత మళ్లీ మళ్లీ చేయడం మక్రూహ్ అని ఫుఖహా చెప్పారు. చల్లారుతున్న దుఃఖం తిరిగి రగులుతుందన్నదే వారు చూపిన కారణం. ఈద్ నాడు తాజా పుర్సాకు బయలుదేరేవారు ఈ మాట తెలుసుకోవడం మంచిది. అయితే ఊళ్లో లేనివారికి ఈ గడువు వర్తించదు. కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి కువైట్, సౌదీలకు పనికి వెళ్లినవారిలో తండ్రి జనాజాకు అందుకోలేనివారు ఎందరో ఉన్నారు. అటువంటి కొడుకు నెలల తరువాత ఈద్ సెలవులో ఇల్లు చేరితే, అతన్ని పరామర్శించడం సముచితమే. అతనికి ఇంటివారందరికంటె దుఃఖం పచ్చిగా ఉంటుంది. మిగిలినవారు అప్పటికే కొంత ఏడ్చి ఉన్నారు. అతను ఖాళీ మంచాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు.

ఇద్దత్‌లో ఉన్న తల్లి

తండ్రి పోయిన ఇంట్లో అసలు చిక్కు ఇక్కడ వస్తుంది. పిల్లల సోగ్ మూడు రోజులతో ముగిసినా, తల్లి ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు సాగుతుంది (అల్ బఖరా 234). ఆమె గర్భవతి అయితే ప్రసవంతో ముగుస్తుంది. చాంద్రమాసం మొదటి తేదీన మరణం సంభవిస్తే నెలవంకలను బట్టి, నెల మధ్యలో సంభవిస్తే 130 రోజులుగా ఇమామ్ అబూ హనీఫా లెక్కించారు. రంజాను 15న భర్త పోయిన స్త్రీకి ముహర్రం చివరి వారం దాకా ఇద్దత్ ఉంటుంది. అంటే రెండు ఈద్‌లూ అందులోనే వస్తాయి. పండుగ అయినా సరే, ఆమె నగలు, అత్తరు, సుర్మా, గోరింట, ఆడంబరమైన దుస్తులు వాడకూడదు. స్నానం చేయడం, శుభ్రమైన సాదా బట్టలు కట్టుకోవడం, అందరితో కలిసి తినడం, పిల్లలను ముస్తాబు చేయడం వీటిలో దేనికీ ఆటంకం లేదు. ఆమెను చీకటిగదిలో కూర్చోబెట్టడం, శుభకార్యాలకు ఆమె ముఖం తగదనడం ఇద్దత్ కాదు. షరీఅతులో దానికి చోటు లేదు.

అమ్మ సోగ్‌లో ఉండగా మనమెలా కొత్త బట్టలు కట్టుకుంటామని పెద్దపిల్లలు వెనుకాడతారు. ఇది గౌరవించదగ్గ సంకోచమే. ఆర్భాటం లేకుండా చేసుకుంటే సరిపోతుంది. పటాటోపం ఏ ఏడైనా పండుగకు అవసరమైనది కాదు. ఈద్ రోజున ఉపవాసం ఉండి దుఃఖం చూపించాలనుకోవడం మాత్రం కుదరదు. ఆ రోజు ఉపవాసం హరామ్. హనఫీ మస్లక్ ప్రకారం ఈద్ నమాజు వాజిబ్. తండ్రి పోయాడన్నది దానికి సాకు కాదు. పండుగ రోజునే ఇంట్లో మరణం సంభవించి, జనాజా ఈద్గాహ్‌కు చేరితే, ముందు ఈద్ నమాజు, తరువాత జనాజా నమాజు, ఆ తరువాత ఈద్ ఖుత్బా అని హనఫీ గ్రంథాలు వరుస కూడా నిర్ణయించాయి.

పోయినవారి తరఫున

దుఃఖానికి చేతులకు పని ఉంటే మేలు. రంజానులో మరణించినవారి విషయంలో ఇంటివారికి తక్షణం ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఈద్ రోజు తెల్లవారక ముందే మరణించినవారిపై హనఫీల ప్రకారం ఫిత్రా విధి కాదు. జబ్బువల్ల ఉపవాసాలు తప్పి, ఆ జబ్బులోనే పోయినవారిపై వాటి ఖజా గాని ఫిద్యా గాని ఉండదు. పిల్లలు ఆందోళన పడవలసిన పని లేదు. కోలుకుని, వ్యవధి ఉండి కూడా ఖజా చేయకుండా పోయినవారు వసియ్యత్ చేసి ఉంటే ఆస్తిలో మూడో వంతు లోపల ఫిద్యా చెల్లించాలి. వసియ్యత్ లేకపోతే వారసులు తమ ఇష్టంతో, తమ సొమ్ముతో చెల్లించవచ్చు. ఒక్కో ఉపవాసానికి ఒక పేదవానికి రెండు పూటల భోజనం, లేదా అర సా గోధుమలు. దీన్ని జాగ్రత్త కోసం పావు తక్కువ రెండు కిలోలుగా లెక్కగడతారు.

బక్రీదుకు తండ్రి పేర ఖుర్బానీ ఇవ్వాలని చాలామంది కోరుకుంటారు. తన మీద వాజిబ్ అయినది ముందు నెరవేర్చి, ఆపైన ఇవ్వవచ్చు. కొడుకు తన డబ్బుతో ఇచ్చినదైతే ఆ మాంసం ఇంటివారు తినవచ్చు, పంచవచ్చు. తండ్రి వసియ్యత్ మేరకు ఆయన సొమ్ముతో ఇచ్చినదైతే మొత్తం పేదలకు పంచవలసిందే. ఈ తేడా తెలియక రెండింటినీ ఒకే తీరుగా వండుకుంటున్నారు.

అన్నింటికంటె ముందుది అప్పు. దక్కన్‌లో ఎందరో భర్తలు మహర్ చెల్లించకుండానే కన్నుమూస్తారు. అది కూడా అప్పే. వారసులు పంచుకోకముందే తల్లికి చెల్లించాలి. అన్నదమ్ములందరూ ఒకచోట కలిసేది ఈద్ సెలవులలోనే గనుక ఆ లెక్క కూర్చుని తేల్చుకోవడానికి అంతకన్న మంచి సమయం దొరకదు. అక్కచెల్లెళ్ల వాటా సంగతీ అంతే. ఏటేటా ఈద్‌కు ఒక చీర, ఈదీగా నాలుగు నోట్లు చేతిలో పెట్టి, తండ్రి ఆస్తిలో వారి హక్కు తీరిపోయిందనుకునే సోదరులు తక్కువేమీ లేరు. తండ్రి పేర నలభయ్యో రోజున వందమందికి బిర్యానీ పెట్టినవారు కూడా వారిలో ఉంటారు. ఆ బిర్యానీ మైనరు పిల్లల వాటాలోంచి ఖర్చయితే అది అనాథల సొత్తు తినడమే. దాని గురించి ఖుర్ఆన్ (అన్ నిసా 10) చేసిన హెచ్చరిక ఎంత తీవ్రమైనదో చదివినవారికి తెలుసు. మృతుని ఇంటివద్ద గుమిగూడి భోజనాలు ఏర్పాటు చేయించుకోవడాన్ని సహాబీలు శోకాలు పెట్టడం కిందనే జమకట్టేవారని హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లా (ర) తెలిపారు. జాఫర్ ఇంటికి అన్నం వెళ్లింది, అక్కడినుంచి రాలేదు.

దానం విషయంలో హజ్రత్ సాద్ బిన్ ఉబాదా (ర) ఉదంతం ప్రసిద్ధం. తాను ఊళ్లో లేనప్పుడు తల్లి మరణించింది. ఆమె తరఫున దానం చేస్తే ఆమెకు చెందుతుందా అని అడిగారు. చెందుతుందని విని, మిఖ్రాఫ్ అనే తన తోటను ఆమె పేర సదఖా చేశారు. ఆఖరి చూపుకు అందని కొడుకులకు ఇందులో ఊరట ఉన్నది.

ఈద్ నమాజు తరువాత ఖబ్రస్తాన్‌కు వెళ్లడం పలుచోట్ల వాడుక. సమాధుల సందర్శనకు అనుమతి ఉన్నది గనుక వెళ్లి దుఆ చేయడంలో తప్పు లేదు. దాన్ని ఈద్‌కు చెందిన సున్నత్‌గా భావించడం, వెళ్లనివాణ్ణి నిందించడం తప్పు.

దీనికన్న ఎక్కువగా నొక్కి చెప్పబడి, తక్కువగా ఆచరించబడుతున్న సున్నత్ ఒకటి ఉన్నది. తల్లిదండ్రులు పోయాక వారిపట్ల చేయదగిన మేలు ఏదైనా మిగిలి ఉందా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) చెప్పిన వాటిలో వారికోసం ప్రార్థించడం, వారి వాగ్దానాలు నెరవేర్చడం, వారి ద్వారా ఏర్పడిన బంధుత్వాలు నిలపడంతో పాటు వారి స్నేహితులను గౌరవించడం కూడా ఉన్నది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (ర) మక్కా దారిలో ఒక పల్లెటూరి అరబ్బు కనిపిస్తే, తాను ఎక్కే గాడిదను, తలకు చుట్టుకున్న పాగాను అతనికి ఇచ్చేశారు. పల్లెవాడు గదా, కొద్దిపాటితోనే సంతోషించేవాడని తోటివారు అన్నారు. అతని తండ్రి తన తండ్రి ఉమర్ (ర)కు స్నేహితుడని ఇబ్నె ఉమర్ బదులిచ్చారు. దైవప్రవక్త (స) కూడా మేకను కోసినప్పుడల్లా, కీర్తిశేషురాలు హజ్రత్ ఖదీజా (ర) స్నేహితురాళ్లను వెతికి మాంసం పంపేవారు.

తండ్రితో పాటు ముప్పయ్యేళ్లు ఒకే సఫ్‌లో నిలబడి ఫజ్ర్ చదివిన ముసలాయన ప్రతి మొహల్లాలోనూ ఉంటాడు. తల్లితో ఏటా షీర్ ఖుర్మా గిన్నెలు మార్చుకున్న పొరుగింటి పెద్దమ్మ, ఆమె ఏ మతస్థురాలైనా సరే, ఉంటుంది. ఆ ఏడు ఆ గిన్నె రాదని వారు అనుకుంటూ ఉంటారు. అమ్మ పంపే గిన్నెలోనే, అమ్మ పంపే వేళకే, కూతురు పట్టుకువెళ్లి ఇవ్వవచ్చు.